చదివింపుల చెయ్యి

నేను బళ్ళారి కాలేజీలో చెప్పే పాఠం గణాంకశాస్త్రం. మా అమ్మ దాన్ని ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. ఆవిడకది ‘గీతల ఉద్యోగం’. బోర్డు మీద నాలుగు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు గీస్తే నెల తిరిగేసరికి జీతం వస్తుందన్న సంగతి ఆవిడకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. బ్రూస్‌పేటలో నా అద్దెయింటికి వచ్చినప్పుడల్లా, "ఈ పొద్దు ఎన్ని గీతలు గీసినావు మే?" అని నవ్వుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఎదురు చెప్పను. ఇన్నేళ్ళలో నా గీతలతో ఎవరికైనా చారెడు ఉపకారం జరిగిందా అని అడిగితే లేదనే చెప్పాలి. జరగాల్సిన ఒక్కసారి ఏం చేశానో తలుచుకుంటే, ఇది రాస్తున్నప్పుడు కూడా మొహం వేడెక్కుతోంది.

మా ఊరు కురుగోడు పక్కన, కాలువ మొదట్లో ఉంది. మా అక్క మెట్టినూరు అదే కాలువ కొసన. మొదటి ఊళ్ళవాళ్ళం వరి పెడతాం. పెట్టగూడదని కాగితాల్లో ఉంది, అందరికీ తెలుసు, అయినా పెడతాం. మా మడుల నిండా నీళ్ళు నిలబెట్టుకున్నాక మిగిలినవి కింది ఊళ్ళకు పోవాలి. కొసకు చేరేసరికి కాలువ అడుగున తడి తప్ప ఏమీ ఉండదు. అక్కావాళ్ళు మిరప పెడతారు. వంతు ప్రకారం నీళ్ళు వదిలితే వాళ్ళకు పంట. లేదంటే బావ సండూరు పోయి ఖనిజం లారీల దగ్గర కూలి చేయాలి. పోయిన ఎండాకాలం పోయాడు కూడా. తిరిగొచ్చాక ఆయన దగ్గితే తువ్వాలు ఎర్రనయ్యేది. దుమ్ము లెమ్మని ఆయన నవ్వేవాడు, అక్క మాత్రం నవ్వేది కాదు.

ఎవరికి ఏ వారం నీళ్ళో తేల్చేది కాలువ కింది రైతుల సంఘం. ఈ ఏడు దానికి ఎన్నిక జరిగింది. ఎప్పుడూ మా మొదటి ఊళ్ళ పెద్దమనుషులే గెలుస్తారు. ఈసారి కొసవాళ్ళు, నడిమి ఊళ్ళవాళ్ళు కలిసి ఒక జట్టుగా నిలబడ్డారు. అందులో మా బావ ఒకడు. ఊరికో పెట్టె పెట్టి కాగితం ఓట్లు వేయించారు. కొస ఊళ్ళ పెట్టెలు అక్కడే, అందరి ముందరే విప్పాలని బావవాళ్ళు పట్టుబట్టి విప్పించుకున్నారు. తక్కినవన్నీ సంఘం ఆఫీసుకు తెచ్చి, తలుపేసుకుని లెక్కపెట్టారు. ఏ ఊళ్ళో ఎవరికెన్ని ఓట్లో కంప్యూటర్లో ఎక్కించి, పట్టీలు తీసి గోడకు అంటించారు. బావ జట్టు ఓడిపోయింది. నడిమి ఊళ్ళలో చెయ్యి పట్టుకుని మాటిచ్చిన వాళ్ళంతా ఏమైపోయారో ఎవరికీ అంతు పట్టలేదు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది.

"మే, నువ్వు లెక్కల మేడమ్మువు గదా. ఆ పట్టీలన్నీ ఫోటోలు తీసి పంపిస్తాండా. యాడ మోసం జరిగిందో చూసి చెప్పు."

"అంకెలు చూసి మోసం చెప్పడానికి నేనేమన్నా సోది చెప్పేదాన్నా అక్కా?"

"అయితే ఏందిటికి అన్ని గీతలు గీస్తావు? ఉట్టి గోడలు పాడు చేసేకా?"

ఆ మాట సూటిగా తగిలింది. అక్క గొంతు తగ్గించి, "ఆక్షేపణ పెట్టేకి గడువు దగ్గరికొచ్చింది. మిరప నారు మడిలో ఉండాది. నీళ్ళు వస్తాయంటే నాటుకుంటాం, రావంటే మీ బావ సండూరు పోతానంటాండాడు. ఈసారి పోతే ఆ మనిషి మనిషిగా తిరిగి రాడు మే," అంది. నేను పంపమన్నాను.

ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ పని నాకు సంతోషంగా ఉండింది. కాలేజీలో పిల్లలకు పరీక్షల కోసం చెప్పే లెక్క ఒకటి, నిజంగా ఒక దొంగను పట్టుకునే లెక్క ఇంకొకటి. పట్టీల్లోని అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, ముందు చుక్కల బొమ్మ వేశాను. ఒక్కో ఊరు ఒక్కో చుక్క. పోలింగు ఎంత, గెలిచినవాళ్ళకు పడ్డది ఎంత అని. పెట్టెల్లో దొంగ ఓట్లు గుమ్మరించిన చోట చుక్కలన్నీ పైకి ఎగబాకి ఒక మూలకు చేరతాయి. ఇక్కడ అట్లాంటిదేమీ కనబడలేదు. చుక్కలు బుద్ధిమంతుల్లా ఎక్కడివక్కడ ఉన్నాయి. మొత్తాలు కూడి చూశాను, ఎక్కడా ఒక్క ఓటు తేడా లేదు. రాసినవాడెవడో గాని లెక్కలు తెలిసినవాడే అనుకున్నాను. మెచ్చుకున్నాను కూడా, ఖర్మ.

అప్పుడు చివరి అంకెలు చూద్దామనిపించింది. ఒక ఊళ్ళో ఒక మనిషికి ఎన్ని ఓట్లు పడతాయన్నది జనం ఇష్టం. ఆ సంఖ్యకు చివర ఏ అంకె వస్తుందన్నది మాత్రం ఎవరి ఇష్టమూ కాదు. అన్ని ఊళ్ళవీ, అందరు అభ్యర్థులవీ కలిపి చూస్తే సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ సుమారుగా ఒకే మాదిరి రావాలి. కూర్చుని బుర్రలోంచి తీసి రాసినవైతే అట్లా రావు. మనిషి చేతికి కొన్ని అంకెలంటే మోజు, కొన్నంటే బెదురు. అంకెకో గీత చొప్పున పక్కపక్కన నిలబెడితే ఏవి పొడుగో, ఏవి పొట్టో కంటికే తెలిసిపోతుంది.

కొస ఊళ్ళవి వేరే తీసి వేశాను. గీతలన్నీ దాదాపు ఒకే ఎత్తు. తక్కిన ఊళ్ళవి వేశాను. సున్నా దగ్గర గీతే లేదు. ఒకటి దగ్గర, ఆరు దగ్గర గీతలు లేచి నిలబడ్డాయి. మిగతావన్నీ వాటి పక్కన మరుగుజ్జులు. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. పక్క బల్ల దగ్గర అర్థశాస్త్రం చెప్పే మేడమ్ ఉలిక్కిపడి చూసింది. ఆమెది ధారవాడ వైపు, తెలుగు రాదు. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి సంగతంతా కన్నడంలో చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, వేలు పెట్టి చూపించింది.

"సున్నె యాకిల్లా అంత తిళీతు. ఒందు తిళీతు. ఆరు యాకరీ మేడమ్?"

సున్నా ఎందుకు లేదో తెలిసింది, ఒకటి ఎందుకుందో తెలిసింది, ఆరు ఎందుకని ఆమె ప్రశ్న. కన్నడంవాళ్ళు కూడా పెళ్ళిళ్ళలో నూటొకటి, ఐదువందలొకటి పెడతారు. సున్నా మీద ఆపితే అక్కడితో తెగిపోయిందని అర్థం, అందుకని ఒకటి కలుపుతారు. అది ఈ జిల్లాలో అందరి అలవాటు. ఆరు మాత్రం అందరిదీ కాదు. నూట పదహారు, ఐదు వందల పదహారు, వెయ్యిన్నూట పదహారు. అవి మావి. తెలుగువాళ్ళవి.

"గొత్తిల్లా," అన్నాను. తెలియదన్నాను. ల్యాప్‌టాప్ మూసేశాను.

మా నాయన ఇస్కూలు అయ్యవారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చేతిరాత తెలుగులోనూ, కన్నడంలోనూ అచ్చు వేసినట్టుంటుంది. అందుకని కురుగోడు చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళ పెళ్ళి జరిగినా చదివింపుల బల్ల దగ్గర ఆయనే. పందిట్లో తువ్వాలు పరుచుకుని కూర్చుంటాడు. ఎవరు ఎంత పెట్టారో రాసుకుని, గొంతెత్తి చదువుతాడు. ఎవరైనా తెలియక ఉత్త వంద చేతిలో పెడితే, "ఆగప్పా" అని తన జేబులోంచి పదహారు రూపాయలు తీసి దానిలో కలిపి అప్పుడు రాస్తాడు. ఆ పదహార్లు ఆయనకు ఎవరూ తిరిగి ఇచ్చేవారు కాదు, ఆయన అడిగేవాడూ కాదు. రిటైరైన తర్వాత సంఘం లెక్కలు చూసిపెడుతున్నాడు. ఓట్లు లెక్కపెట్టిన రోజు తలుపేసిన గదిలో కంప్యూటర్ పిల్లవాడికి అంకెలు చదివి చెప్పింది కూడా ఆయనే. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా, అంకెల్లో దొంగను వెతుకుతున్నంతసేపూ ఒక్కసారి కూడా ఆయన తలపుకు రాలేదు.

అబ్బే, ఆరు మీద మోజున్న తెలుగువాడు ఆయన ఒక్కడేనా అనుకున్నాను. సంఘంలో సగంమంది తెలుగువాళ్ళే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక పాత పరీక్ష పేపరు వెనక నాకు నేనే నోటికొచ్చిన సంఖ్యలు వరసగా రాసుకుని చూశాను. నా చేతికీ ఆరంటే మోజే. పెళ్ళిపందిట్లో ఆయన పక్కన కూర్చుని పెరిగిన చెయ్యి మరి. అక్క రెండుసార్లు ఫోన్ చేస్తే, "ఇంకా చూస్తాండానక్కా, అంత సులభంగా తేలదు," అన్నాను.

ఆదివారం ఊరికి పోయాను. నాయన అరుగు మీద కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. అమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. నేను ఆయన ఎదురుగా కూర్చుని, నా జన్మలో ఇంత సిగ్గుమాలిన పని చేయలేదు, ఇట్లా అన్నాను:

"నాయనా, పిల్లలకు ఒక పాఠం ఉంది. దానికి ఉట్టిగా అనుకున్న సంఖ్యలు కావాలి. నోటికొచ్చినవి చెప్పు, రాసుకుంటా."

"నోటికొచ్చినవంటే?"

"ఏవైనా సరే. మూడంకెలవి."

పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కూతురి కాలేజీ పాఠానికి తాను పనికొస్తున్నానన్న సంతోషం ఆయన మొహం నిండా కనబడుతోంది. "రాసుకోమ్మా," అని కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "నూట డెబ్బై ఆరు. రెండు వందల నలభై ఒకటి. నూట ముప్పై ఎనిమిది. మూడు వందల పదహారు. నూట తొంభై ఒకటి..." నేను తల ఎత్తకుండా రాస్తూ పోయాను. పేజీ సగం నిండింది. ఒక్క సున్నా రాలేదు. ఆరు వచ్చినప్పుడల్లా కలం కాగితంలోకి దిగబడుతోంది.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. తర్వాత కాగితం వైపు చూశాడు. ప్రతి సంఖ్యలోనూ చివరి అంకె కింద నేను తెలియకుండానే గీత గీస్తూ వచ్చాను. ఎంతైనా అయ్యవారు.

"ఇది ఏ పాఠమమ్మా?" అన్నాడు.

నేను కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"సంఘం పట్టీలా?"

"అవును నాయనా."

"ఎంత జాగ్రత్తగా రాసినానో తెలుసా పాపా! ఒక్క మొత్తం యాడా తప్పు పోలేదు."

"మొత్తాలు తప్పు పోలేదు. నువ్వు యాడా సున్నా రాయలేదు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. నాకు అప్పుడు వచ్చింది కోపం. లోపల అమ్మ ఉందని కూడా మరిచిపోయి అరిచాను. "నిలబడింది అక్క మొగుడు నాయనా! ఎవరి ఓట్లు తీసి ఎవరికి వేసినావు? ఇంతకాలం ఆ బల్ల దగ్గర కూసుని ఒకరి రూపాయి ఒకరికి రాయలేదు గదా నువ్వు. ఏం పుట్టింది నీకు?"

ఆయన పక్కన పెట్టిన పేపరు తీసి మళ్ళీ మడిచాడు. తర్వాత మెల్లగా, "ఆ జట్టు గెలిస్తే మొదట్లో వరి నిలిపేస్తారంట. తూము పక్క మడి ముందర ఎండుతుందని పెద్దమనుషులు చెప్పినారు," అన్నాడు.

తూము పక్క మడి నాది. పెళ్ళి వద్దని నేను మొండికేసిన ఏడు ఆయన దాన్ని నా పేర రాయించాడు. దాన్ని కౌలుకిచ్చి, పంటకింత బియ్యం నాకు బ్రూస్‌పేటకు పంపిస్తాడు. నేను రోజూ తినే అన్నం అదే.

"నాకు జీతం వస్తాది నాయనా. ఆ మడి ఎండితే నేను పస్తుండను."

"జీతం ఉన్నన్ని దినాలు ఉంటాది. అక్కకు మొగుడుండాడు, ఆయప్పకు కాలూ చెయ్యీ ఉండాయి. రేపు మేం పోతే నీకెవరుండారు పాపా?"

ఆ మాటతో నాకు కోపం పోయింది. పోకూడదు. బావ ఊపిరితిత్తుల్లో ఎర్రదుమ్ము గుర్తుంది, అక్క గొంతు గుర్తుంది, అయినా పోయింది. నా కోసం ఒక ముసలాయన జీవితమంతా కాపాడుకున్న చెయ్యిని పాడు చేసుకున్నాడే అని జాలి ముంచుకొచ్చింది. ఆ జాలి కిందనే, అడుగున, ఇంకేదో కూడా ఉంది. ఈ సంగతి మా ఇల్లు దాటి ఎవరికీ తెలియదన్న తెలివి అది. "అక్కకు చెప్తావా?" అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడి ఉందును. బస్సుకు బయలుదేరేటప్పుడు అమ్మ కొత్త బియ్యం మూట తెచ్చి చేతికిచ్చింది. వద్దనలేదు, తీసుకుని ఒళ్ళో పెట్టుకుని బళ్ళారి వచ్చేశాను.

ఆ వారమంతా క్లాసులో పిల్లలు ఏం అడిగినా విసుక్కున్నాను. అర్థశాస్త్రం మేడమ్ పలకరిస్తే పరధ్యానంగా తల ఊపాను. ఆమెకు ఏదో అర్థమయ్యే ఉంటుంది, ఆ ఆరు ఊసు మళ్ళీ ఎత్తలేదు. గడువుకు రెండు దినాలు ఉందనగా గీతల బొమ్మ ఒక కాగితం మీద అచ్చు తీసుకుని అక్క ఊరికి బయలుదేరాను. ఫోన్లో చెప్పే సంగతి కాదని అక్కతో అన్నాను. మనసులో మాత్రం దారి పొడుగునా ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కూర్చుకుంటున్నాను.

అక్క నారుమడి దగ్గర ఉంది. ట్యాంకరు నీళ్ళు బిందెతో మోసుకొచ్చి, చెంబుతో నారు మీద చిలకరిస్తోంది. మనుషులు తాగడానికి వచ్చిన నీళ్ళవి. నన్ను చూసి, "వచ్చినావా మే! మొహమేంది అట్ల ఉండాది? బువ్వ తిన్యావా?" అని కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బావ పని మీద ఎక్కడికో పోయాడు. ఇద్దరం వసారాలో కూర్చున్నాం. నేను కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను.

"మోసం జరిగిందక్కా. ఈ రెండు పొడుగు గీతలు చూడు. ఇవి లెక్కపెట్టి రాసినవి కాదు, అనుకుని రాసినవి."

అక్క మొహం వెలిగింది. "నాకు తెలుసు! మీ బావ నమ్మల్యా, నేను ముందే చెప్తి. ఎవరు రాసిందీ తెలుస్తాదా దీంట్లో?"

"తెలుస్తాది," అన్నాను. "నాయన రాసినాడు."

"నోరు మూసుకో మే."

పదహార్ల సంగతి చెప్పాను. అరుగు మీద నాయన కళ్ళు మూసుకుని సంఖ్యలు చెప్పడం చెప్పాను. తూము పక్క మడి సంగతి చెప్పాను. అక్క ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంది. "నా పెండ్లిలో గూడా చదివింపుల కాడ ఆయనే కూసున్యాడు," అంది. "పెండ్లికూతురి నాయన ఆడ కూసుంటాడా ఎవరన్నా అని అందరూ నవ్విరి. ఇంకొకరు రాస్తే లెక్క తప్పు పోతాదని ఆయన లేచిందే లేదు." ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

నేను దారిలో కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. వయసైన మనిషక్కా, అన్నాను. ఇది పై ఆఫీసుకు పోతే కేసవుతుంది, ఈ వయసులో ఆయన్ను పోలీసుల ముందు నిలబెడతామా అన్నాను. మళ్ళీ ఒక్క పెళ్ళికి కూడా ఆయన్ను పిలవరన్నాను. మనం నాయనతోనే మాట్లాడి పెద్దమనుషులకు చెప్పిస్తే ఈసారికి మీ ఊరి వంతు వదలొచ్చు అన్నాను. ఆ పెద్దమనుషులు వదలరని నాకు తెలుసు, అక్కకూ తెలుసు.

ఆమె అంతా విన్నది. తర్వాత అడిగింది, "నువ్వు ఇప్పుడు నాకు చెప్పేకి వచ్చినావా, వద్దనేకి వచ్చినావా?"

చెప్పడానికే అనబోయాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది. చిన్నప్పుడు నేను ఏదైనా దాచుకుంటే అట్లాగే చూసేది.

"వద్దనడానికే వచ్చినానక్కా."

"అట్ల చెప్పు," అంది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. లేచి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. నారుకు పోయగా మిగిలిన నీళ్ళు. "తాగు. ఆ కాగితం ఈడ పెట్టి పో. రేపు మీ బావ ఆఫీసులో ఇచ్చి వస్తాడు. నాయన పేరు మేం రాయం. ఓట్లు మళ్ళా లెక్కపెట్టమని మాత్రం అడుగుతాం. పోతా పోతా నువ్వే నాయనకు చెప్పు, అక్కావాళ్ళు పెడతాండారని. వెనకాల చేసినట్ల ఉండగూడదు."

నీళ్ళు తాగాను. కాగితం చాప మీద పెట్టాను. అక్క దాన్ని తీసి, మడత పడకుండా పిల్లల పుస్తకం మధ్యలో పెట్టుకుంటూ, "ఇంతే గదా? దీనికి ఇంకేమన్నా కావాల్నా మే?" అని అడిగింది.

"ఇంతే," అన్నాను.

బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. దిగేసరికి మధ్యాహ్నం దాటింది. నాయన భోంచేసి అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నా కోసం ఆయన ఎప్పుడూ లేచి నిలబడలేదు. నేను చెప్పులు కూడా విప్పకుండా ఒక్క గుక్కలో చెప్పేశాను. అక్కకు అంతా తెలుసు, రేపు బావ కాగితం ఇస్తాడు, నీ పేరు రాయరు, మళ్ళీ లెక్కపెట్టమంటారు.

"ఏం కాగితం?" అన్నాడు.

"నేను వేసిన గీతల బొమ్మ."

"దాని మీద నీ సంతకం ఉండాదా?"

"లేదు."

"ఫలానా కాలేజీలో ఫలానా మేడమ్ వేసిందని రాసుండాదా?"

"లేదు నాయనా."

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఊపిరి మెల్లగా వదిలాడు. "అయితే అది ఉట్టి బొమ్మ. ఎవరు వేసినారో తెలియని బొమ్మను ఏ ఆఫీసరూ కన్నెత్తి చూడడు. పక్కన పెట్టేస్తాడు." నా వైపు చూశాడు. ఆ చూపులో ప్రేమ తప్ప వేరే ఏమీ లేదు. "మంచి పని చేసినావు పాపా," అన్నాడు.

ఆ సంగతి నాకు అక్క ఇంట్లోనే తెలుసు. అక్క అడిగినప్పుడే తెలుసు. పేరూ ఊరూ లేని కాగితం చెత్తబుట్టకు పోతుందని ఆఫీసుల్లో తిరిగిన నాకు తెలియదా? తెలిసే ‘ఇంతే’ అన్నాను. నా నోట ఆ మాట ఎందుకొచ్చిందో ఆయన మొహం చూశాకే నాకు అర్థమైంది. ఆయన మొహంలో ఉన్న నిమ్మళమే అప్పుడు నాలోనూ ఉండింది. ఒక మనిషిని దొంగ అని నిరూపించడానికి అన్ని గీతలు గీసిన దాన్ని, రెండో దొంగను చూడటానికి ఆయన మెప్పు దాకా రావాల్సి వచ్చింది. థూ, నా చదువు.

అమ్మ లోపలి నుంచి కంచం పెట్టానని కేక వేసింది. నేను అరుగు దిగాను.

"యాడికి?" అన్నాడు నాయన.

"అక్క కాడికి. ఆ కాగితం మీద సంతకం పెట్టి వస్తా."

ఆయన ఆగమనలేదు, పొమ్మనలేదు. మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు. నేను రోడ్డు దాకా వచ్చేసరికి వెనక నుంచి పిలిచాడు. వద్దంటాడేమోనని ఆగాను. వద్దనాలనే ఆగానేమో కూడా.

"ఆధారు కార్డు ఉండాదా పాపా?" అన్నాడు. "లేకుంటే ఆడోళ్ళకు గూడా కండక్టరు టికెట్టు డబ్బులు వసూలు చేస్తాడు."

ఉందని చెప్పి, ఆయన మొహం చూడకుండా రోడ్డు దాటాను.